వెనక సీటు లేని సైకిలు

బావోజూ ఆఖరి దుప్పటిని ఇస్త్రీ యంత్రంలోకి తోసి, అవతలి వైపుకు చుట్టూ తిరిగి పరుగెత్తింది. వేడివేడిగా బయటికొస్తున్న కొసను తనే అందుకుని, పొట్టకు ఆనించుకుని మడత పెట్టింది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. ఆవిరికి మోచేతుల దాకా చర్మం ఎర్రబారి, చలికాలంలో కూడా అలాగే ఉండేది. వేడినీటి బుగ్గల దగ్గరున్న ఆ హోటల్లో దుప్పట్లు ఉతుకుతూనే ఆమె తల నెరిసింది. ఎప్పుడూ ఆ రెండో కొస పట్టుకునే యిన్‌మెయ్ పనికి రావడం మానేసి నెల దాటింది.

ఇన్నేళ్లూ ఇద్దరిదీ ఒకే స్కూటరు. బావోజూ పొద్దున్నే తన ఊరు యూలీలో పాసింజరు రైలు ఎక్కి, హోటలున్న కొండ కింద రుయ్‌స్వేలో దిగేది. స్టేషన్ బయట యిన్‌మెయ్ ఇంజను ఆపకుండా నిలబడి ఉండేది. అక్కణ్ణుంచి కొండదారి పొడుగునా బావోజూ ఆమె నడుము పట్టుకుని, అత్తగారి సాధింపులూ, మొగుడి జబ్బూ, అతను పోయాక ఇల్లు బోసిపోయిన సంగతీ, అన్నీ ఆ వీపుకే చెప్పుకుంది. జవాబుగా యిన్‌మెయ్ గాలిలోకి ఏదో అరిచేది. సగం వినపడేది కాదు. వినపడిన సగంతోనే బావోజూకి కడుపు నిండేది.

ఇప్పుడు యిన్‌మెయ్ కాలేయంలో కంతి. డాక్టర్లు స్కూటరు ఎక్కొద్దన్నారు. ఆ వేళకు కొండ మీదికి బస్సులుండవు. నెల్లాళ్లుగా బావోజూ నడిచే వెళ్తోంది, ఆలస్యంగా చేరుతోంది. దగ్గర్లో ఉండే మనిషినెవరినైనా చూసుకోవాల్సి వస్తుందని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. స్కూటరు నేర్చుకుందామంటే, ఒకప్పుడు స్కూటరుతో సహా పొలం కాలువలో పడ్డ భయం ఇంకా వదల్లేదు. చిన్నప్పుడు తొక్కిన సైకిలొక్కటే వచ్చు. ఇటు హోటలూ దూరమే, అటు ఇంటి నుంచి యూలీ స్టేషనూ దూరమే. మడిచి సంచిలో పెట్టుకునే సైకిలైతే రైల్లో ఎవరూ అడ్డు చెప్పరు.

పని ముగించుకుని ఆమె రుయ్‌స్వే స్టేషన్ పక్కనున్న పెంగ్ సైకిళ్ల షాపుకి చేరేసరికి, యిన్‌మెయ్ అప్పటికే అక్కడ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. ఎండలో కూడా దూది కోటు వేసుకుంది. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. మూడు సైకిళ్లు బయటపెట్టించి, ముసలి పెంగ్ చేత వాటికి గాలి కొట్టిస్తోంది.

మొదటిది పెద్ద చక్రాలది. హాయిగా సాగింది గానీ మడిచాక కూడా దూడంత ఉంది. రెండోది ఇనుముది, చవక. బావోజూ మనసు దాని మీదే పడింది. అది గమనించిన యిన్‌మెయ్, దాన్ని భుజాన వేసుకుని స్టేషన్ మెట్లెక్కి రమ్మంది. బావోజూ సగం మెట్లెక్కి చతికిలబడిపోయింది. రొప్పుతూ తిరిగొచ్చింది.

"ధర చూడకు పిల్లా," అంది యిన్‌మెయ్. "రోడ్డు మీద అది నిన్ను మోస్తుంది. మెట్ల దగ్గర నువ్వు దాన్ని మొయ్యాలి. నీకు మోకాళ్లు రెండే ఉన్నాయి."

"కొనేది ఆవిడా, నువ్వా వదినా?" అన్నాడు పెంగ్.

"నువ్వు గాలి కొట్టవయ్యా."

మూడోది చిన్న చక్రాలది, తేలిక. ఎత్తు ఎక్కడానికి మూడు గేర్లున్నాయి. దాన్ని మడవడం బావోజూకి ఓ పట్టాన చేతకాలేదు. వేలు నలిగింది. యిన్‌మెయ్ స్టూలు మీంచే, బండి వచ్చేసిందనీ, తలుపులు మూసుకుంటున్నాయనీ, గార్డు నిన్నే చూస్తున్నాడనీ తొందరపెట్టింది. నవ్వొచ్చి బావోజూ చేతుల్లోంచి హ్యాండిల్ జారిపోయింది. మళ్లీ మొదలెట్టింది. చివరికి కొక్కెం టక్కున పడింది. ఎత్తి చూస్తే బియ్యం సంచిలా చంకకు ఒదిగింది.

మళ్లీ విప్పి నిలబెట్టాక, ఆమె సైకిలు వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోయింది. వెనక సీటేదని అడిగింది. ఈ రకానికి ఉండదనీ, బిగిస్తే బరువు పెరుగుతుందనీ, సంచిలో పట్టదనీ పెంగ్ చెప్పాడు.

"అయితే ఇది వద్దు," అంది బావోజూ. "ఇంకోటి చూపించు."

"ఏం, దీనికేమైంది?" అంది యిన్‌మెయ్.

"నీకు నయమయ్యాక నిన్నెక్కడ కూర్చోబెట్టుకోను అక్కా?"

పెంగ్ పంపును పక్కన పెట్టి, ఏదో వెతుకుతున్నట్టు లోపలికి వెళ్లిపోయాడు. యిన్‌మెయ్ తన చేతుల వైపు చూసుకుంది. ఏళ్ల తరబడి వేడి దుప్పట్లు లాగి లాగి ఆ వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి.

"నన్ను మోసుకు తిరగాలని చూడకే," అంది. "ఇదే తీసుకో. తేలిగ్గా వెళ్లు. కొండమీద గాలి బాగుంటుంది. ఇన్నాళ్లూ నా వీపు అడ్డమొచ్చి నీకు తగల్లేదంతే."

బావోజూ సైకిలెక్కింది. స్టేషన్ ముందున్న ఖాళీ జాగాలో వంకర్లు పోతూ ఒక చుట్టు తొక్కింది. రెండో చుట్టుకి సైకిలు దారికొచ్చింది. సాయంత్రం బండికి యిన్‌మెయ్ ప్లాట్‌ఫారం దాకా వచ్చింది. సైకిలున్న సంచిని తనూ ఒక వైపు పట్టుకుంటానంది. బావోజూ పట్టుకోనిచ్చింది.

పంపరపనసలు కోతకు రాకముందే, ఒక మధ్యాహ్నం నిద్రలోనే యిన్‌మెయ్ పోయింది. ఆమె కొడుకు హోటలుకి ఫోను చేసేటప్పటికి దుప్పటి సగం యంత్రంలో ఉంది. ఆపితే మాడిపోతుందని బావోజూ దాన్ని పూర్తిగా లాగి, నాలుగు మడతలూ పెట్టి, అప్పుడు నేల మీద కూర్చుంది.

కాసేపటికి లేచి, సైకిలు తెచ్చుకోవడానికి హోటలు వెనక, ముందువైపు గోడ లేని రేకుల షెడ్డులోకి వెళ్లింది. ఒకప్పుడు స్కూటరు ఆపే చోట గోడకి ఒక పాత అట్టముక్క ఆనించి ఉంది. ఎండకి సీటు కాలకుండా యిన్‌మెయ్ రోజూ దాన్ని పైన పరిచేది. ఎండావానలకి అది మెత్తబడి, సీటు ఆకారానికే వంగిపోయింది. ముందొక పల్లం, వెనకొక పల్లం.