ఖాళీ పీరియడ్ల టీచరు

ఆరో తరగతి ఇంగ్లీషుకి ఎదురుగా ‘స్తుతి’ అని రాసి, హెడ్మాస్టరు యలమందయ్య ఎనిమిది బి దగ్గర పెన్ను ఆపాడు. ఆగడం ఆలోచించడానికి కాదు, కళ్ళజోడు ముక్కు మీంచి జారితే పైకి తోసుకోవడానికి. తోసుకుని, అక్కడా ‘స్తుతి’ అనే రాశాడు.

ఫిబ్రవరి నెల. కళ్లాల్లో మిరపకాయ ఎండుతోంది. సొంత చేను ఉన్న మాస్టర్లు ఇద్దరు ముందే మాట్లాడుకున్నట్టు సెలవు పెట్టారు. ఏటా ఇంతే. వాళ్ళ తరగతులు ఎవరు చూడాలో రాసే సర్దుబాటు కాగితం ఈ నెలంతా యలమందయ్యకి పొద్దుటి పూజ లాంటిది. స్తుతి వికలాంగులైన పిల్లల కోసం వచ్చిన ప్రత్యేక టీచరు. ఆమె పిల్లలు ఏడుగురికి పరీక్షలుండవు, ర్యాంకులుండవు, అడిగే తల్లిదండ్రులు తక్కువ. అందుకని ఆమె టైమ్‌టేబుల్ ఎప్పుడూ ఆయన కంటికి ఖాళీగానే కనిపించేది.

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి. భుజాన నీళ్ళ సీసా, చీర కుచ్చిళ్ళకి అన్నం మెతుకు అంటుకుని ఉంది.

“సార్, ఇయ్యాళ ఫిజియోథెరపీ ఆయన వస్తారండి. నెలకి రెండుసార్లేగదా వచ్చేది.”

“ఎనిమిది బి సంగతి నీకు తెలవందేముందమ్మా? మాస్టరు లేకపోతే వాళ్ళ గోల పక్కూరికి వినపడతది. నువ్వుంటే కుదురుగా ఉంటారు.”

“ఉద్యోగానికి రమ్మన్న ఒంగోలు స్కూలు వాళ్ళకి సాయంత్రం లోపల ఏ సంగతో చెప్పాలండి. మొన్నే చెప్పా మీకు.” ఆమె గొంతు పెంచలేదు. “నా గది నాకు ఖాళీ చేయించండి. వేరే క్లాసులకి పంపబాకండి. ఆ రెండూ అయితే నేనెక్కడికీ పోనండి.”

ఆమె గదిలో కోడిగుడ్ల అట్టలు, బూట్ల సంచులు, నిరుటి పుస్తకాల కట్టలు ఉన్నాయి. పిల్లలు వరండా చివర చాప మీద ఉంటారు.

“నాలుక్కల్లా వచ్చేస్తాగా ట్రైనింగ్ నించి. కూర్చుని మాట్లాడుకుందాం. తొందరపడబాక.”

ఆమె తల ఊపి ఎనిమిది బి వైపు వెళ్ళింది.

తొందరపడబాక. ఆ ఒక్క మాటతో ముప్పై ఏళ్ళ నౌకరీ నెట్టుకొచ్చాడు యలమందయ్య. తమ్ముడు పొలం పంచమన్నప్పుడూ అదే అన్నాడు, ఆ తగువు దానంతటదే చల్లారింది. కూతురు మాధురికి బాపట్లలో వ్యవసాయ డిగ్రీ సీటు వచ్చినప్పుడూ అదే అన్నాడు. చేరాల్సిన గడువు చల్లగా దాటిపోయింది. మాధురి ఇప్పుడు నరసరావుపేటలో మందుల షాపులో బిల్లులు కొడుతుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. అన్నం వడ్డించేటప్పుడు భార్య సుబ్బరావమ్మ మొహంలో మాత్రం అప్పుడప్పుడూ అది కనిపిస్తుంటుంది.

ట్రైనింగ్ చిలకలూరిపేటలో. హాలు కిటికీ ఊచలకి పక్క మిల్లు దూది నూగులా పట్టి ఉంది. నలభై మంది హెడ్మాస్టర్లు. పాఠం చెప్పేది మనోజ్ఞ అనే ఆవిడ. ప్రత్యేక టీచర్లని ఎలా తెచ్చుకోవాలి, వచ్చినవాళ్ళని ఎలా నిలుపుకోవాలి అన్నది విషయం.

“మూడు మండలాల్లో తొమ్మిది ఖాళీలండి. రమ్మంటే వచ్చేవాళ్ళు లేరు. ఉన్నవాళ్ళు పోకుండా చూసుకోవటం ముందు నేర్చుకుందాం” అన్నదావిడ.

వెనక బెంచీలోంచి ఇషాక్ మాస్టారు లేచాడు. “చూసుకుంటాం మేడం. కట్టెయ్యటానికి పలుపుతాడు కూడా ఇస్తారా కిట్టులో?”

హాలంతా నవ్వింది.

“తాడు మీ చేతుల్లోనే ఉందండి. తెంపుకుని పోయిందాకా లాగుతున్నారు” అన్నది మనోజ్ఞ. ఈసారి నవ్వు సగమే వచ్చింది.

తలా ఒక కాగితం ఇచ్చి, మీ ప్రత్యేక టీచరు నిన్న ఏ గంటకి ఏం చేసిందో రాయమన్నది. అందరికంటే ముందు ముగించింది యలమందయ్యే. హాజరు ఆన్‌లైన్లో ఎక్కించడం, మధ్యాహ్న భోజనం గుడ్ల ఫోటో, ఆరో తరగతి ఇంగ్లీషు, బూట్ల కొలతలు, ఎనిమిది బి. చేతిరాత ముత్యాల్లా ఉంది. మనోజ్ఞ దాన్ని పైనించి కిందికి రెండుసార్లు చదివింది.

“ఆమె పిల్లల్లో ఒకరి పేరు చెప్పండి సార్.”

యలమందయ్య నోరు తెరిచాడు. పదో తరగతి ఎనభై మంది పేర్లూ హాజరు నంబర్లతో సహా చెప్పగలడు. వీళ్ళలో మాత్రం చొంగ కార్చే పిల్లాడు, చక్రాల కుర్చీ పిల్లాడు, ఎప్పుడూ వేళ్ళు చాపే ఉంచే పిల్ల గుర్తొచ్చారు. పేర్లు రాలేదు.

“కోటేశ్వరి” అన్నాడు.

కోటప్పకొండ చుట్టుపక్కల ఏ బడిలో ఆ పేరు పిలిచినా ఒకరన్నా లేచి నిలబడతారు. ఆవిడ నమ్మింది. ఆయన చెవులు వేడెక్కాయి.

“సరే సార్. మీరైతే ఏం మారుస్తారో వేదిక మీదికొచ్చి చెప్పండి.”

“గది ఆమెకి ఖాళీ చేసివ్వాలండి” అన్నాడు మైకులో. “వేరే క్లాసులకి పంపగూడదు.” పొద్దున గుమ్మంలో విన్న రెండు మాటలే. చప్పట్లు కొట్టారు. ఇంకా చెప్పమన్నారు. చెప్పాడు. ఆ తర్వాత గ్రూపు ఫోటో, మిరపకాయ బజ్జీ, టీ. మధ్యలో నుంచి లేచిపోతే బాగుండదనిపించింది. బస్టాండుకి వచ్చి స్తుతికి ఫోను చేసేసరికి అయిదు కావస్తోంది.

“చెప్పేశానండి సార్” అన్నది స్తుతి. వెనక బస్సు హారన్ వినిపిస్తోంది. “ఎనిమిది బి లో ఉండగానే మెసేజ్ పెట్టా. ఫిజియో ఆయన వచ్చి, నేను లేనని తిరిగెళ్ళిపోయారు. సోమవారమే చేరమన్నారండి. లెటరు మీ బల్ల మీద పెట్టా.”

“తొందరపడ్డావేమోనమ్మా.”

“ఆరేళ్ళు ఆగానండీ” అన్నదామె.

బడికి చేరేసరికి ఎండ గోడ దిగింది. యలమందయ్య లెటరు ముట్టుకోలేదు. అటెండరు నన్నే సాహెబ్‌ని పిలిచి, చొక్కా చేతులు పైకి మడిచి, తనే గుడ్ల అట్టలు ఎత్తడం మొదలుపెట్టాడు.

“ఇప్పుడెందుకు సార్? ఎవరికి?” అన్నాడు నన్నే సాహెబ్.

ఆయన ఇంకో దొంతర ఎత్తాడు. ఇద్దరూ అట్టలు మోశారు, సంచులు ఈడ్చారు. గది నిజంగా పెద్దదే. రెండు కిటికీలు. పది నిమిషాల పని.

చాప తెద్దామని యలమందయ్య వరండా చివరకి వెళ్ళాడు, నన్నే సాహెబ్ వెనకే వచ్చాడు. చుట్టిపెట్టిన చాప మీద ఒక స్టీలు చెంచా ఉంది. పిడికి సైకిలు ట్యూబు ముక్క లావుగా చుట్టి, దారంతో బిగించి ఉంది.

“మేడం మర్చిపోయినట్టుందే” అన్నాడు యలమందయ్య దాన్ని చేతిలోకి తీసుకుని.

“మర్చిపోలా సార్. కావాలనే ఉంచింది. ఖుర్షిదాది. ఆ పిల్లకి వేళ్ళు ముడవటం రాదుగదా, లావుగా ఉంటే పట్టుకుంటదని చుట్టింది. పోయినేడాది నించి పట్టుకోవటం నేర్పితే, మొన్నటి నించి తన అన్నం తనే తింటంది. రేపు చేతికివ్వమని నాకు చూపించి మరీ పోయింది.”

“ఖుర్షిదా” అన్నాడు యలమందయ్య, హాజరు పిలిచినట్టు.

నన్నే సాహెబ్ చాప భుజాన వేసుకుని గదిలోకి నడిచాడు. చెంచా యలమందయ్య అరచేతిలో ఉండిపోయింది, అంచున ఎండిన పప్పు మరకతో, నల్లటి రబ్బరు మీద నాలుగు చిన్న వేళ్ళు ఆనిన చోట్ల నున్నగా అరిగి.