గోడ దగ్గర అరచేతులు

మా ఈతకొలను గేటు దగ్గర టికెట్లు చింపేది నేనే కాబట్టి, ద్లోద్లో ఇంటి తండ్రీకూతుళ్ళ సంగతి మొదటినుంచీ చూశాను.

నోబుఖోసికి పదిహేనేళ్ళు. వెల్లకిల ఈతలో వంద మీటర్లు నిమిషం పదమూడు సెకన్లలో ఈదేది. పద్నాలుగు నెలలుగా అదే పదమూడు. తండ్రి ఫినియస్ రైల్లో గార్డు. డ్యూటీ లేని ప్రతిరోజూ పొద్దున్నే స్టాప్‌వాచీతో గట్టు మీద నిలబడేవాడు. కూతురు గోడ తాకగానే "మళ్ళీ పదమూడే" అనేవాడు. తిట్టేవాడు కాదు, కానీ ఆ మాట అందరికీ వినబడేది.

కోచ్‌ని మా ఊరు బులావాయోలో అందరూ మా దూబే అంటారు; మా భాషలో 'మా' అంటే అమ్మ. ఆమె అతన్ని పక్కకు పిలిచింది.

"పిల్ల ఏడాదిలో మూడంగుళాలు పెరిగింది, ఫినియస్. గోడ దగ్గరపడిందని తెలియడానికి పైన కట్టిన జెండాలు దాటాక ఐదు బారలేసి బోర్లా తిరిగేది. ఇప్పుడు నాలుగే చాలు. కిందటేడు తల గోడకి కొట్టుకుంది చూశావుగా, అప్పట్నుంచి ఆ చివర్న భయపడి నెమ్మదిస్తోంది. కొత్త లెక్క ఒంటికి పట్టాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఇదేమన్నా నీ రైలా, టైం చెప్పడానికి?"

మర్నాడు కూడా అతను "మళ్ళీ పదమూడే. అంత భయమైతే ఎలా?" అన్నాడు. నోబుఖోసి ఈత కళ్ళద్దాలు పీకి గట్టు మీద పడేసి తండ్రికేసి తిరిగింది.

"నువ్వోసారి దిగి చూడు బాబా. మోకాళ్ళు దాటి తడిశావా ఎప్పుడైనా?"

కొలనులో మిగతా పిల్లలు నవ్వారు. ఫినియస్ స్టాప్‌వాచీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సోమవారం నా దగ్గరికొచ్చి, ఎటో చూస్తూ, "పెద్దవాళ్ళ టికెట్ ఒకటి" అన్నాడు.

ఏడేళ్ళ పిల్లల మధ్య అతనికి ఈత పాఠాలు మొదలయ్యాయి. కాళ్ళు మునిగిపోయేవి. "జేబుల్లో రైలు పట్టాలు పెట్టుకొచ్చావా?" అనేది మా దూబే. తేలడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత ఐదు వారాలు సగం కొలను దాటలేకపోయాడు. ఒక పొద్దున చివరిదాకా వెల్లకిల ఈదాడు. టంగుమని తల గోడకి కొట్టుకుంది.

నోబుఖోసి పరిగెత్తుకొచ్చి చెయ్యందించింది. "జెండాలు చూడలేదా?"

"చూశాను. చూసినా ఒళ్ళు నా మాట వినలేదు."

"నాదీ అంతే, బాబా."

అతను తల రుద్దుకున్నాడు. "మరి నన్నేం చెయ్యమంటావ్?"

"గోడకి నీ చేతులు అడ్డం పెట్టు. నేను ఆగకుండా వస్తా."

మా దూబే సరేనంది. ఆ రోజు నుంచీ అతను నీళ్ళలో గోడకి వీపు ఆనించి, అరచేతులు ముందుకు చాచి నిలబడేవాడు. మొదట్లో కూతురు రెండు బారల ముందే నెమ్మదించేది. తర్వాత్తర్వాత తల వచ్చి అతని చేతుల్లో దభీమని పడేది. "ఇవాళ గట్టిగా తగిలావ్" అనేవాడు, సంతోషంగా. క్రిస్మస్‌కి ఆమె నాలుగో బారకే బోర్లా తిరగడం మొదలుపెట్టింది. అతని చేతులకిక పని లేకపోయింది.

మార్చిలో హరారే పోటీలు. ఫినియస్‌కి ఆ రోజు డ్యూటీ. సాయంత్రం మా ఆఫీసు ఫోనుకి కాల్ చేసింది నోబుఖోసి. అప్పటికే అతను డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి కూర్చున్నాడు.

"తిరిగేటప్పుడు ఆగావా?" అనడిగాడు.

"ఆగలేదు, బాబా."

"మంచిది. తిన్నావా?"

టైం ఎంతని అతను అడగలేదు; నిమిషం పన్నెండు సెకన్ల చిల్లర, నాలుగో స్థానం అని ఆమే చెప్పింది. అతను నాకు ఫోనిచ్చేసి, బయట మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. తర్వాత తన రెండు అరచేతులూ చూసుకుని నవ్వుకున్నాడు.