నిశ్శబ్దం ఎవరి వాటా

మార్చి పద్దెనిమిదవ తేదీ, ఆదివారం, ఎండ వరండా దాటి కింది హాలు గడప మీదికి వచ్చే వేళ. ఇంటి గదుల పంపకానికి సంబంధించిన ఒప్పందం చదువుకుని సంతకాలు చేయడానికి కూర్చున్నవారు నలుగురు: తలుపులూ కిటికీలూ చేసే వర్క్‌షాపు నడుపుతున్న అన్న, పుస్తకాల చివర వచ్చే పదసూచికలు తయారుచేసి బతుకుతున్న తమ్ముడు, దస్తావేజుల భాష తెలిసినది కనుక కాగితం తానే రాసిన వదిన, బీమా ఉద్యోగం చేసి రిటైరై, సాక్షి సంతకానికి వచ్చిన బావ. అక్క రాలేదు. “నా వాటా నాకెప్పుడో ముట్టింది. నా బదులు ఆయన్ని పంపుతున్నాను, టిఫిను పెట్టి పంపండి” అని ఫోనులో చెప్పి ఊరుకుంది.

తగాదా ఏదీ లేదు. ఇద్దరూ బాగున్నప్పుడే రాసుకోవాలని, చెడ్డాక రాసుకునేవి ఫిర్యాదులే తప్ప ఒప్పందాలు కావని వదిన సిద్ధాంతం. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చదివింది. కింది అంతస్తు పెద్దవారికి. మేడ మీద ముందుగది, చిన్న వంటగది చిన్నవారికి. మేడ మీద వెనకగది, కలప నిల్వ నిమిత్తం, పెద్దవారికి. సదరు వెనకగది కిటికీని, చెమ్మ రాకుండా, చెక్కలతో మూసివేయుటకు ఉభయులకూ సమ్మతమే.

కలం మూత తీయబోయిన తమ్ముడి వేళ్లు ‘సమ్మతమే’ దగ్గర ఆగిపోయాయి.

“ఏమోయ్ పండితుడూ,” అన్నాడు బావ, “నీ చెవిలో ఉన్న అద్దెదారు సంగతేమిటి? వాడి పేరు కూడా ఓ మూల రాయించుకో. అద్దె ఇవ్వడు, ఖాళీ చెయ్యడు.”

“కొత్త గదిలో వాడే సర్దుకుపోతాడు లెండి బావగారూ,” అన్నాడు అన్న. ఆ మాటలో ఏడాది కష్టం ఉంది.

తమ్ముడి చెవిలో హోరు మొదలై పదకొండేళ్లయింది. ఒక జ్వరం తగ్గిన మర్నాడు, ఫ్రిజ్ కీచుమంటోందనుకుని దాని ప్లగ్గు పీకాడు. ఆగకపోతే ఫ్యాను ఆపాడు. చివరికి మెయిను స్విచ్చే కట్టేశాడు. ఇల్లు చీకటై, వదిన కొవ్వొత్తి కోసం తడుముకుంటూ తిట్టిపోస్తున్నా ఆ మోత మాత్రం చెక్కుచెదరలేదు. ఎక్కడో చాలా దూరంలో ఎవరో సన్నటి రేకును ఎడతెగకుండా కోస్తున్నట్టు ఉంటుందది. పగలు పనిలో పడితే వెనక్కి తగ్గుతుంది. రాత్రి దిండు మీద తల ఆనించగానే ముందుకొచ్చి కూర్చుంటుంది.

ఆ తర్వాత అన్నదమ్ములు తొక్కని గడప లేదు. చెవిలోకి లైటు వేసి చూసినవారందరూ అంతా శుభ్రంగా ఉందన్నారు. చుక్కల మందులు వేశారు. మాత్రలు రాశారు, అవి హోరును వదిలిపెట్టి మనిషిని నిద్రపుచ్చాయి, అదీ పట్టపగలు. ఊపిరి మీద ధ్యాస నిలపమన్న గురువు దగ్గర కొన్నాళ్లు ముక్కు మూసుకున్నాడు. వాన చప్పుడు వినిపించే చిన్న పరికరం ఒకటి కొని దిండు కింద పెట్టుకున్నాడు. అది మొదట బాగానే ఉంది. కానీ ఏ మాట ఏ పేజీలో తిరిగి వస్తుందో పట్టుకోవడమే వృత్తిగా గలవాడికి ఆ వాన ఎక్కువకాలం సాగలేదు. అదే పెద్ద చుక్క మళ్లీ అదే చోట పడుతోందని కనిపెట్టిన రాత్రి నుంచి, కళ్లు మూసుకుని ఆ చుక్క కోసమే కాచుకుని ఉండేవాడు.

చివరికి చూపించుకున్న డాక్టరు వయసులో అందరికన్నా చిన్నది. ఆమె మాత్రం ఉన్నమాట చెప్పింది. “ఇది పోతుందని నేను అనను. మీరు పట్టించుకోవడం తగ్గుతుంది, దానికి సాధన కావాలి. ఒక్కటి మాత్రం వద్దు. పూర్తి నిశ్శబ్దంలో ఉండకండి. నల్లగుడ్డ మీద తెల్లదారం ఇట్టే కనపడుతుంది కదా, అలాగే.”

ఆ రోజు అన్న వెంట రాలేదు. ఆ మాట చెబుదామని తమ్ముడు ఇంటికి వచ్చేసరికి అన్న మేడ మీద ముందుగదిలో టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నాడు. “నీ చెవుల్లో మోతకి తోడు వీధిలో మోత కూడా ఎందుకురా? చీమ నడిస్తే వినపడేంత గది చేసిస్తాను చూడు,” అన్నాడు. రబ్బరు పట్టీల చుట్టలు అప్పటికే మూల చేరి ఉన్నాయి. తమ్ముడు నోరు తెరవడం ఆ పూటకి ఆలస్యమైంది. ఆ తర్వాత ప్రతి పూటా ఆలస్యమే అయింది.

సెలవు దొరికినప్పుడల్లా అన్న ఆ గదిలోనే ఉండేవాడు. కిటికీకి రెండు వరసల అద్దాలు, గోడల నిండా ఉన్ని పలకలు, వాటి మీద చెక్క, తలుపు చుట్టూ మెత్తటి రబ్బరు. పనివాళ్లను పెట్టుకోకుండా అన్నీ తన చేత్తోనే బిగించాడు. ఆ పని సాగినంతకాలం తమ్ముడి మంచాన్ని వెనకగదికి మార్చారు.

వెనకగది గోడకు ఆనుకుని ఐసు ఫ్యాక్టరీ ఉంది. యంత్రం వేడిని చల్లార్చడానికి వరసగా పేర్చిన ఇనుప గొట్టాల మీద పగలూ రాత్రీ నీళ్లు జారుతుంటాయి. ఆ చెమ్మకు గోడ సున్నం పొరలుగా లేచిపోయేది. ఆ గదిలో ఎవరూ పడుకునేవారు కారు. తమ్ముడు పడుకున్నాడు. నీళ్లు జారుతూనే ఉన్నాయి, ఏ చుక్కా మళ్లీ అదే చోట పడలేదు, చెవిలోని రేకు కోత ఎక్కడో నీటి అడుగుకు వెళ్లిపోయింది. పొద్దెక్కినా లేవకపోతే వదిన కంగారుపడి తలుపు బాదింది. ఆనాటి నుంచి ఆవిడ రోజూ “పాపం, ఆ నీళ్ల గోలలో ఎలా పడుకుంటున్నాడో” అని నొచ్చుకునేది. హాయిగా నిద్రపోయి లేచినవాడు దొంగలా తల దించుకునేవాడు.

ఇప్పుడు సంతకం పడితే ఆ కిటికీకి చెక్కలు పడతాయి. కొత్త గది వద్దంటే అన్న ఏడాది పాటు కష్టపడినదాన్ని కాలదన్నినట్టు.

“సంతకాలు ఇక్కడ కాదు,” అన్నాడు అన్న లేస్తూ. “మేడ మీద, కొత్త గదిలో. పదండి.”

“ఈయన గారి వైభోగం చూడండి అన్నయ్యగారూ,” అంది వదిన మెట్లెక్కుతూ. “ఈయనకేమో చలికాలంలో కూడా నెత్తిన ఫ్యాను తిరగాలి, నేను రెండు దుప్పట్లు కప్పుకుని వణకాలి. తమ్ముడికేమో చీమ అడుగు కూడా వినపడకూడదట. ఒక్క తల్లి బిడ్డలంటే ఎవరైనా నమ్ముతారా?”

“నువ్వు కోప్పడితే ఇద్దరూ ఒక్కలాగే నిలబడతారు చెల్లెమ్మా, అందుకు నమ్ముతాను,” అన్నాడు బావ.

అందరూ లోపలికి వచ్చాక అన్న తలుపు వేశాడు. చప్పుడు కాలేదు; ఉన్న చప్పుడే పోయింది. వీధి పోయింది, కింద కుళాయి పోయింది, ఐసు ఫ్యాక్టరీ పోయింది. బావ సైతం నోరు మూసుకున్నాడు, ఆ ఇంట్లో అదొక వింత. తమ్ముడి చెవిలో అద్దెదారు మాత్రం ఇల్లంతా తనదే అన్నట్టు లేచి ఒళ్లు విరుచుకున్నాడు. తమ్ముడు గోడకు చేయి ఆనించుకుని నిలబడ్డాడు.

అన్న ముఖంలో గర్వం కాసేపు వెలిగింది. తర్వాత కనుబొమలు దగ్గరకొచ్చాయి.

“ఎక్కడో ఈల వేస్తోంది.”

“నాకేం వినపడట్లేదు,” అంది వదిన.

“నాకు నా పొట్ట వినపడుతోంది,” అన్నాడు బావ. “టిఫిను ఘనంగా పెట్టారు.”

అన్న నవ్వలేదు. కిటికీ అంచుకు చెవి ఆనించాడు. తలుపు పట్టీ మీద వేలు పొడుగునా జార్చాడు. స్విచ్చు బోర్డు దగ్గర కాసేపు నిలబడ్డాడు. “సన్నగా గాలి దూరుతోంది. ముప్పై ఏళ్లుగా తలుపులు బిగిస్తున్నాను, సొంత తమ్ముడికి సందు పెట్టి ఇచ్చానన్న మాట పడను. దొరికేదాకా సంతకాల్లేవు. మీరిద్దరూ కిందికి వెళ్లండి, మీ ఊపిరి చప్పుడు అడ్డమొస్తోంది.”

“ఊపిరి కూడా తప్పేనా,” అని గొణుక్కుంటూ వదిన కాగితం చంకన పెట్టుకుని దిగింది. బావ వెనకే వెళ్లాడు.

తమ్ముడు నేల మీద చతికిలబడి చూస్తున్నాడు. అన్న ఒక మూల విన్నాడు, ఎదుటి మూలకు వెళ్లి విన్నాడు, తిరిగి మొదటి మూలకు వచ్చాడు. “ఎటు తిరిగినా ఒక్కలాగే ఉందేమిట్రా ఇది?” అన్నాడు తనలో తాను. ఆ వెతుకులాటను తమ్ముడు గుర్తుపట్టాడు. ఫ్రిజ్ ప్లగ్గు, ఫ్యాను, మెయిను స్విచ్చు. అప్పుడు తనూ అచ్చం ఇలాగే మెడ వంచి తిరిగాడు.

నోరు మెదపకుండా ఉంటే చాలు. అన్న రబ్బరంతా పీకి మళ్లీ వేస్తాడు, ఉన్ని పలకలు ఊడదీస్తాడు, సంతకాలు ఇంకో ఏడాది వాయిదా పడతాయి, వెనకగది అంతవరకూ తనదే. ఆ లాభం తమ్ముడికి స్పష్టంగానే కనిపించింది. అంతలో అన్న నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింద అంచుకు చెంప ఆనించి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నెరిసిన జుట్టులో రంపపు పొట్టు ఇంకా ఉంది.

“అన్నయ్యా, లేచి కూర్చో. రెండు చెవులూ గట్టిగా మూసుకో.”

“ఎందుకు?”

“మూసుకో చెబుతాను. ఈల తగ్గిందా?”

అన్న చెవుల మీద అరచేతులు ఒత్తుకున్నాడు. కాసేపటికి చేతులు తీశాడు, మళ్లీ ఒత్తుకున్నాడు.

“దగ్గరికొచ్చింది,” అన్నాడు నెమ్మదిగా.

“నీ పట్టీలో సందు లేదు. గది ఏ లోపమూ లేకుండా కుదిరింది. ఆ మోత గదిలోది కాదు.”

అన్న తమ్ముడి ముఖంలోకి చూశాడు. ముప్పై ఏళ్ల రంపం మిషను, ఏనాడూ చెవులకు ఏమీ పెట్టుకోకపోవడం, నిద్ర పట్టాలంటే చలిలో కూడా తిరగాల్సిన ఫ్యాను, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడుతుంటే అతడికి కాస్త సమయం పట్టింది.

“నీకున్నది ఇదేనా?”

“దీనికి పెద్దన్న.”

“ఇది పెట్టుకుని పదకొండేళ్లు కూర్చున్నావా?”

“కూర్చోవడం పర్వాలేదు. పడుకోవడమే కష్టం.”

అన్న గోడల వంక చూశాడు. “అయితే ఈ గదిలో నీకు...”

“ఇంకా పెరుగుతుంది. చిన్న డాక్టరమ్మ ముందే చెప్పింది.”

“మరి నాతో చెప్పి చావచ్చుగదరా.”

“నేను వచ్చేసరికి నువ్వు రబ్బరు కొనేశావు.”

అన్నకు కోపం రాబోయి, దారిలో ఎక్కడో నవ్వుగా మారింది. “దానికోసం నోరు కుట్టుకుంటావా? నా షాపులో ఇంకో పది తలుపులకి సరిపోయేది.” తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “ఇది నాకూ పోదంటావా?”

“పోతుందని నేను అనను. డాక్టరమ్మ దగ్గరికి ఈసారి నేను నీకు తోడొస్తాను. రేపటి నుంచి మిషను దగ్గర చెవులకి ఏదో ఒకటి పెట్టుకో. ముందు ఇలా రా.”

ఇద్దరూ వెనకగదికి వెళ్లారు. తమ్ముడు కిటికీ రెక్కలు బార్లా తీశాడు. గొట్టాల మీద నీళ్లు జారుతున్నాయి. తడి ఇనుము వాసన వచ్చింది. అన్న మంచం అంచున కూర్చుని తల పక్కకు వంచి విన్నాడు. కొంతసేపటికి అతడి కనుబొమలు విడిపోయాయి. “ఉంది,” అన్నాడు, “కానీ నా మీదికి రావట్లేదు.”

“అంతే. నాకు ఈ నీళ్ల వల్ల దొరికిందీ ఆ మాత్రం ఉపకారమే.”

ఎంతకీ పిలుపు రాకపోవడంతో వదిన మళ్లీ మేడెక్కి వచ్చి, అన్నదమ్ములిద్దరూ పెళ్లిచూపులకు వచ్చినట్టు మంచం మీద చేతులు కట్టుకుని కూర్చోవడం చూసింది. ఆవిడకూ, వెనకే మెట్లెక్కి వచ్చిన బావకూ విషయమంతా చెప్పారు. “ఇన్నేళ్లూ ఆ ఫ్యాను కోసం మిమ్మల్ని తిట్టిపోశాను,” అంది వదిన మొగుడితో. ఆపైన మరిది వైపు తిరిగింది. “నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? రోజూ పాపం పాపం అంటుంటే కిమ్మనకుండా నా జాలి తిన్నావు.”

“వద్దంటే బాధపడతావని, వదినా.”

“బాగానే ఉంది. మరి ఆ ముందుగది?”

“నువ్వే తీసుకో,” అన్నాడు అన్న. “నా ఫ్యాను లేని చోట నీకూ ఓ నిద్ర కావాలిగా.”

“తీసుకోకేం చేస్తాను. మీ ఇద్దరి చెవుల మధ్యా పడి నా తల వాచిపోయింది.”

కాగితం వెనకగదిలోనే, తమ్ముడు పదసూచికలు రాసుకునే బల్ల మీద పరిచారు. వదిన ముందుగదిని పెద్దవారి వైపు, వెనకగదిని చిన్నవారి వైపు మార్చి, కలప అన్న మాట కొట్టేసి, కిటికీ వాక్యాన్ని మొత్తం అడ్డంగా గీసేసింది. అన్న ఆవిడ భుజం మీదుగా చూస్తూ, “ఇంకో ముక్క రాయి” అన్నాడు.

“ఏమని?”

“ఈ గదిలోకి వచ్చి కూర్చోడానికి పెద్దవాడికి ఎప్పుడూ హక్కు ఉంటుందని.”

“తమ్ముడి గదిలో కూర్చోడానికి దస్తావేజు కావాలా?” అన్నాడు తమ్ముడు.

“మీ అన్నదమ్ముల మౌనాలు చూశాక కావాలనే అంటాను,” అన్నాడు బావ, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరకుండానే. “రాయి చెల్లెమ్మా. రాయకపోతే నేను సాక్షి సంతకం పెట్టను.”

వదిన రాసింది. కొట్టివేతల పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు చేశారు, అడుగున నిండు సంతకాలు చేశారు. బావ కళ్లజోడు ఇంట్లో మరచిపోయానని చెప్పి, చెల్లెమ్మ జోడు పెట్టుకుని సాక్షి స్థానంలో చేవ్రాలు చేశాడు. తడి ఆరేదాకా ఎవరూ లేవలేదు. కిటికీ అవతల నీళ్లు జారుతూనే ఉన్నాయి. ఆ తర్వాత వదిన కాగితాన్ని పొడుగునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కిందికి తీసుకువెళ్లి ఇనప్పెట్టె పై అరలో పెట్టి తాళం వేసింది.