నూట పది, నూట పన్నెండు

తన ప్యాంటు నడుము పట్టీ విప్పి, అరంగుళం లోపలికి మడిచి మిషను కింద పెట్టాడు టైలరు. ఇది నాలుగోసారి. ఊళ్లో అందరి నడుములూ కొలిచే మనిషి, తన నడుముకు టేపు చుట్టుకోవాలంటే మాత్రం ఇప్పటికీ షాపు తలుపు దగ్గరగా వేసుకుంటాడు. ఒంట్లో పద్నాలుగు కిలోలు తగ్గాయి గానీ ఆ సిగ్గు మాత్రం ఒక్క గ్రాము తగ్గలేదు.

ఎదురుగా మేకుకు డాక్టరమ్మ తెల్ల కోటు వేలాడుతోంది. పోయిన వారం ఆవిడే తెచ్చింది. "చేతులు పొడుగున్నాయి, రాసేటప్పుడు అడ్డమొస్తున్నాయి. తొందరేం లేదు, మీరు చూపించుకోడానికి వచ్చినప్పుడే తెండి" అంది. టైలరు రెండు చేతులూ అంగుళంన్నర కుదించి ఇస్త్రీ చేశాడు. పై జేబులో దొరికిన పెన్సిలు ముక్కను జాగ్రత్తగా మళ్లీ జేబులోనే పెట్టాడు. కోటు కింద బల్ల మీద నీలం అట్ట పుస్తకం ఉంది. దాన్ని చూడకుండా మళ్లీ మిషను వైపు తిరిగాడు.

నాలుగేళ్ల కిందట వేరే చోట చూపించుకునేవాడు. అక్కడి డాక్టరు షుగరు రిపోర్టు చూసి, తలుపు బార్లా తెరిచి ఉండగానే, "నోరు కట్టుకోలేవా? రేపు కాళ్లు తీసేస్తే మిషను ఎలా తొక్కుతావ్?" అని అరిచాడు. బయట వరసలో కూర్చున్నవాళ్లలో ముగ్గురు తన దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లే. తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఏ డాక్టరు గడపా తొక్కలేదు.

చివరికి భార్య పోరు పడలేక ఈ డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు. ఆవిడ ఈ నీలం అట్ట పుస్తకం ఇచ్చి, రోజూ వేలు గుచ్చుకుని షుగరు ఎంతుందో రాయమంది. నిజం రాస్తే మళ్లీ అరుపులేగా! అందుకని క్లినిక్కి వెళ్లే ముందు రోజు సాయంత్రం కూర్చుని, నెల మొత్తానికీ ఒకే కలంతో ఒకే ఊపున రాసిపారేసేవాడు. నూట పది, నూట పన్నెండు, నూట ఎనిమిది. చొక్కా కొలతలు రాసినంత ముచ్చటగా ఉండేవి.

డాక్టరమ్మ ఆ పేజీలు తిరగేసి, పుస్తకం మూసి, వేరే కబుర్లలోకి దిగేది. మధ్యాహ్నం ఎక్కడ తింటారు? మిషను దగ్గర్నుంచి ఎన్నిసార్లు లేస్తారు? ఎన్ని టీలు తాగుతారు? ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. ఎలా మొదలైందో టైలరుకే తెలీదు. ఏడాది తిరిగేసరికి టీలో చక్కెర మానేశాడు, పొద్దున్నే నడక పట్టాడు, అన్నం సగానికి తెచ్చాడు, రెండో పుస్తకంలో నిజం అంకెలు రాయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు డాక్టరమ్మ మాత్రలు ఆపేసి తొమ్మిది నెలలు. అయినా షుగరు పెరగలేదు.

అంతా బాగానే ఉందనుకుంటే, పోయినసారి క్లినిక్కులో చీటీలు రాసే ఆయన పీకల మీదికి తెచ్చాడు. "మీ మొదటి పుస్తకం ఇవ్వండి గురూగారూ. కొత్తగా వచ్చేవాళ్లకి చూపిస్తాం. చూసి బుద్ధి తెచ్చుకుంటారు!" డాక్టరమ్మ పక్కనే ఉంది. టైలరు మొహంలోకి ఒకసారి చూసి ఊరుకుంది.

"ఇవాళైనా చెప్పేయండి. ఆవిడేం కొరుక్కు తింటుందా?" అంది భార్య, కోటుకు కాగితం చుడుతూ.

"కొరికినా బాగుండునే. ఏమీ అనదు, అదే నా బాధ."

చెప్పాల్సిన మాటను దారి పొడవునా నోట్లోనే తిప్పుకుంటూ నడిచాడు.

క్లినిక్కులో చీటీలు రాసే ఆయన లేచొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మీకు కబురు తెలీదా? ఆదివారం పొద్దున డాక్టరమ్మ నిద్రలోనే పోయారు."

టైలరు పొట్లాన్ని గుండెకు హత్తుకుని అక్కడే కూర్చుండిపోయాడు. పిలుపు వచ్చాక లేచి లోపలికెళ్లాడు. అదే గది, అదే కుర్చీ. కూతురంత వయసున్న కొత్త డాక్టరు అతని ఫైలు చూస్తోంది. "రండి బాబాయ్ గారూ, కూర్చోండి" అని లేచి వెళ్లి తలుపు మూసింది.

అది చూసేసరికి అతను ఇక ఆగలేకపోయాడు. పుస్తకం బల్ల మీద పెట్టాడు. "ఇది ఎవరికీ చూపించకండమ్మా. అన్నీ అబద్ధాలే. ఒక్క అంకె కూడా కొలిచి రాసింది కాదు. ఆవిడకి చెబుదామనే వచ్చాను..."

ఆ అమ్మాయి పుస్తకం తెరవలేదు. ఫైలు అతనివైపు తిప్పి, మొదటి కాగితం అడుగున డాక్టరమ్మ పెన్సిలుతో రాసిన నాలుగు ముక్కలు వేలితో చూపించింది. తేదీ మూడేళ్ల కిందటిది.

"ఇంట్లో కొలిచిన అంకెలు కావివి. మూడు నెలల షుగరు సగటు చూపే రక్త పరీక్ష వేరేగా చెబుతోంది. ఎవరో బాగా నొప్పించినట్టున్నారు. అడగవద్దు. తనే చెబుతాడు."

టైలరు రెండుసార్లు చదివాడు. ఇన్నాళ్లూ ఆవిణ్ణి మోసం చేస్తున్నాననే అనుకున్నాడు. అన్నీ తెలిసే ఆవిడ మూడేళ్లు ఎదురుచూసింది. ఒక్క వారం ముందు నోరు విప్పి ఉంటే! మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతుల్లో దాచుకున్నాడు.

షాపుకొచ్చాక పొట్లం విప్పి, కోటును మళ్లీ అదే మేకుకు తగిలించాడు. చేతులు సరిగ్గా కుదిరాయి. పై జేబు అంచున పెన్సిలు ముక్క మొన మాత్రం కనిపిస్తోంది.