మిస్ ఒడెస్సా చేతులు అడ్డం పెట్టిన ఆదివారం

శనివారం బండి డబ్బుల్లేక ఆగిపోలేదు. డబ్బుంది, మా దగ్గరే ఉంది. ముందు ఈ మాట చెప్పెయ్యాలి, బఫెలో ఊళ్లో ఇప్పటికీ చాలామంది ఇంకోలా అనుకుంటున్నారు.

మాది గొడుగు సంస్థ. లాండ్రీ పైన రెండు గదులు, ఒక బీరువా, నేను. యుద్ధం వద్దనేవాళ్లు, అద్దె ఇళ్లు ఖాళీ చేయించొద్దనేవాళ్లు, జైలు గేటు ముందు అట్టలు పట్టుకు నిలబడేవాళ్లు, ఇలాంటి చిన్న గుంపులకు రిజిస్ట్రేషనూ ఉండదు, పన్ను మినహాయింపు కాగితమూ ఉండదు. ఆ కాగితం మాకుంది. దాతలు వాళ్ల కోసం మాకు పంపుతారు, మేం వాళ్లకిస్తాం. చివరికి వాళ్ల బండి ఇన్సూరెన్సు కూడా మా పేరునే ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా నేను చేసిన పని ఇదే.

ఈ ఏడు మా బోర్డు సంస్థను మూసెయ్యాలని తేల్చింది. జూన్ నెలాఖరు గడువు. గుంపులన్నింటికీ కొత్త గొడుగు నేనే వెతికిపెట్టాను. ఆ కొత్తవాళ్లు అడిగింది ఒకటే, గుంపు తరఫున బాధ్యత తీసుకునే ఒక మనిషి సంతకం. అందరూ ఇచ్చేశారు, శనివారం బండి వాళ్లు తప్ప.

ప్రతి శనివారం తొమ్మిదిమంది తల్లుల్ని, భార్యల్ని ఎక్కించుకుని ఆ బండి దేశ సరిహద్దు దగ్గరి జైలుకు వెళ్తుంది. అయిదు గంటల దారి. ఆ తొమ్మిదిమందిలో మిస్ ఒడెస్సా పెద్దది, డెబ్భై నాలుగేళ్లు. ఆమె కొడుకు టోబియాస్ అక్కడ పంతొమ్మిదేళ్లుగా ఉన్నాడు. చలికాలం నుంచీ జైలు ఆసుపత్రిలో, కాలేయం పాడై. వారానికి ఒక్కసారి, బండి వెళ్తేనే ఆమె అతన్ని చూస్తుంది.

సంతకం సంగతి తేల్చడానికి చర్చి కింది గదిలో ఆదివారం కూర్చున్నాం. ఆ గుంపుకు నాయకుడు లేడు, ఉండకూడదని వాళ్ల పట్టుదల. గుండ్రంగా కూర్చుంటారు. సరే అంటే చేతులెత్తి వేళ్లు ఆడిస్తారు. కుదరదంటే చేతులు గుండెల మీద అడ్డం పెడతారు. ఒక్కరు అడ్డం పెట్టినా ఆ విషయం రెండు వారాలు ఎత్తకూడదు.

బండి నడిపే గిడియన్ పేచీ పెడతాడనుకున్నాను. ముప్పై అయిదేళ్లవాడు, కాగితమంటేనే పడదు. ఆశ్చర్యం, వాడే ముందన్నాడు.

"ఒక పేరు రాయక తప్పదంటే మిస్ ఒడెస్సా పేరే రాద్దాం. ఈ బండి మొదలైందే ఆవిడ వల్ల."

గదంతా వేళ్లు ఆడాయి. నా ప్రాణం కుదుటపడింది. అప్పుడు మిస్ ఒడెస్సా, చర్చికి పెట్టుకొచ్చిన టోపీ కూడా తియ్యకుండా, రెండు చేతులూ అడ్డం పెట్టింది.

అందరూ ఆమెనే చూశారు. గిడియన్ తల దించుకుని, "సరే, రెండు వారాలాగుదాం," అన్నాడు.

"రెండు వారాలేంటయ్యా? కాగితం శుక్రవారానికి కావాలి!" అన్నాను.

"మా పద్ధతి మీకు తెలుసుగా ఆర్డిత్."

"నీ పద్ధతి తగలెయ్య! నీ పేరు రాయి, పోతుంది."

"ఆవిడ వద్దన్నాక ఇంకో పేరు ఎత్తితే ఆవిణ్ణి పక్కకి తోసినట్టే కదా?"

గోడకు చెప్పినట్టే అయింది. మిస్ ఒడెస్సా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయి, చెప్పకుండా మెట్లెక్కి వచ్చేశాను.

శుక్రవారం వెళ్లిపోయింది, నెల మారింది, ఇన్సూరెన్సు ఆగింది, బండి చర్చి వెనక నిలబడిపోయింది. రెండు వారాలయ్యాక గిడియన్ తన సంతకంతోనే కాగితం పంపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. కొత్త గుంపుల్ని ఇక అక్టోబరులోనే చేర్చుకుంటామని కొత్తవాళ్లు రాశారు.

ఆ శనివారాల్లో నా కారు మా ఇంటి ముందే ఉంది. తీసుకెళ్లగలను. నేను వెళ్లలేదు, ఆమె అడగలేదు. కోపంతో వెళ్లలేదు, అంతే. తెలిసి వస్తే అప్పుడు అడుగుతుందిలే అనుకున్నాను.

మూడో శనివారం దాటాక, బుధవారం, గిడియన్ ఫోన్ చేశాడు. టోబియాస్ పోయాడు. వచ్చి శవాన్ని చూసుకుని, సామాన్లు తీసుకెళ్లమని జైలువాళ్లు చెప్పారట. మిస్ ఒడెస్సాను నేను తీసుకెళ్తానన్నాను. ఏడుపు రాలేదు, భయమూ వెయ్యలేదు. ఫోన్ పెట్టేసి గిన్నెలు కడుక్కున్నాను.

మర్నాడు తెల్లవారేసరికే మిస్ ఒడెస్సా గుమ్మంలో సిద్ధంగా ఉంది. కారెక్కి, రేకు కాగితంలో చుట్టిన పెద్ద పొట్లం ఒళ్లో పెట్టుకుంది. వేయించిన చికెన్, అలవాటుకొద్దీ తొమ్మిదిమందికి సరిపడా. వాటర్‌టౌన్ ఊరి దగ్గర ఆపి చెరో ముక్క తిన్నాం. నాకు రుచి తెలియలేదు. ఆమె కూడా నమిలి మింగింది, అంతే.

మళ్లీ బయల్దేరాక ఆమే మొదలుపెట్టింది, కిటికీలోంచి చూస్తూ.

"పంతొమ్మిదేళ్ల కింద మా ఇంటికి పోలీసులు ఎంత మర్యాదగా వచ్చారనుకున్నావ్. ఇద్దరు. టోపీలు తీశారు. కాఫీ పెట్టిచ్చాను. ఇల్లు ఓసారి చూసుకుంటాం, ఇక్కడ సంతకం పెట్టమ్మా, పిల్లాడికే మంచిది అన్నారు. పెట్టాను. వాడి మంచం కింద తుపాకీ దొరికింది. నేను పెట్టకపోతే వాళ్లు లోపలికే రాలేరని తర్వాత లాయరు చెప్పాడు. ఇంకెవరి కోసమూ కాగితం మీద పేరు రాయనని ఆ రోజే ఒట్టేసుకున్నా."

కారు పక్కకు తీసి ఆపాలనిపించింది. ఆపలేదు.

"మరి ఆ ఆదివారం ఈ మాట చెప్పాల్సింది కదా మిస్ ఒడెస్సా? ఆ క్షణమే ఇంకొకళ్ల పేరు రాసేవాళ్లం."

"ఎవరైనా అడుగుతారని చూశాను తల్లీ. అదేం గొప్పగా చెప్పుకునే మాటా, నాకు నేనై లేచి చెప్పడానికి? అందరూ నన్ను చూశారు, కుర్చీలు మడతపెట్టారు. పదకొండేళ్లు ఒకే బండిలో తిరిగాం, ఎందుకు ఒడెస్సా అని ఒక్కళ్లూ అనలేదు. నువ్వూ అనలేదు. గిడియన్ మీద అరిచి పోయావు."

"నిజమే," అన్నాను. "నేనూ అడగలేదు."

జైలు ఇంకా రెండు గంటల దూరం ఉంది.