కోసేసిన జానెడు టేపు

టైలరమ్మకు కోపం వస్తే ముందు చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టేస్తుంది. పెట్టకపోతే ఏం చేసేస్తుందో అని ఆవిడకే భయం. ఆ ఆదివారం ఆవిడ చేతిలో కత్తెర లేదు. శుద్ధి బాబాయ్ అదృష్టం బాగుంది.

ఆదివారం కొట్టుకు సెలవు. మధ్యాహ్నం షట్టరు సగం దించి, కుట్టు మిషన్ల మీద గుడ్డలు కప్పేసి, పాటల పిచ్చి ఉన్న నలుగురూ ఆ గదిలో చేరతారు. గోడల నిండా బట్టల తాన్లు ఉండబట్టి అక్కడ శబ్దం మారుమోగదు. ఎవరో పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది. వారానికొకరు తనకు ప్రాణమైన పాట ఒకటి తెచ్చి మిగతావాళ్ళకు వినిపించాలి. పళ్ళ డాక్టరు పెద్ద పెద్ద కచేరీలు తెస్తాడు. బస్సు డ్రైవరు ఊరూపేరూ లేనివాళ్ళు పాడినవి ఎక్కడెక్కడినుంచో పట్టుకొస్తాడు. నియమం ఒకటే, పాట అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. ‘ఆహా’ అన్నా తప్పే. ఆ నియమం పెట్టింది శుద్ధి బాబాయే. స్టూడియోలో టేపులు కోసి అతికిస్తూ తల నెరిసిన మనిషి ఆయన. పాట మధ్యలో ఎవరైనా దగ్గితే చాలు, కొరికేసేలా చూస్తాడు. అందుకే ఆయనకా పేరు.

ఆ వారం వంతు టైలరమ్మది. ఎన్నాళ్ళనుంచో దాచుకున్నది తీసింది, వాళ్ళక్క పాడిన పాట. అక్క పోయి చాలా ఏళ్ళయింది. వంటింట్లో కూర్చుని, ఎవరినో అడిగి తెచ్చుకున్న టేప్ రికార్డరులో పాడిన పాట అది. ఆ క్యాసెట్టు తప్ప అక్క గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. టేపు ఒకచోట మడతపడింది. పెడితే టేప్ రికార్డరు నమిలేస్తుందేమోనని కొన్నేళ్ళుగా టైలరమ్మ దాన్ని తాకను కూడా లేదు. చివరికి ధైర్యం చేసి బాబాయ్ చేతిలో పెట్టింది, బాగుచేసి ఇంకో కాపీ తీసిపెట్టమని. నా చేతికిచ్చావుగా, ఇక బెంగపడకు అన్నాడాయన.

ఇప్పుడు బాబాయే బటన్ నొక్కాడు. అక్క గొంతు లేచింది. టైలరమ్మకు ఒళ్ళు జల్లుమంది. వెనకాల పళ్ళెం మీద చెంచాతో టకటకమని తాళం కొడుతున్నది తనే, అప్పుడు బడికి వెళ్ళే పిల్ల. రెండో చరణంలో ఆ తాళం తప్పుతుంది. అక్క పాట ఆపేసి, ‘ఒసేయ్ బుడంకాయ్, తాళం తప్పావే. ఇంకోసారి తప్పావంటే చెవి మెలేస్తా’ అని, కిసుక్కున నవ్వి మళ్ళీ పల్లవి అందుకుంటుంది. పాటంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. అక్క మామూలుగా మాట్లాడిన మాట మిగిలింది అదొక్కటే. ముగ్గురికీ అక్కను చూపించాలని టైలరమ్మ ఆశపడింది ఆ మాటతోనే.

రెండో చరణం వచ్చింది. చెంచా ఒక్కసారి తడబడింది. టైలరమ్మ ఊపిరి బిగబట్టింది. పల్లవి వచ్చేసింది.

పాట అయ్యాక డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంత గొంతు పెట్టుకుని మీ అక్క ఎక్కడా పాడలేదా అని డ్రైవరు అడిగాడు. టైలరమ్మ చెవికి అవేమీ ఎక్కలేదు.

“బాబాయ్, మధ్యలో మాట ఉండాలి. ఏదీ?”

బాబాయ్ మురిసిపోయాడు. ఆ అతుకు ఎవరూ పట్టుకోలేరనుకున్నాడట, నీ చెవి గట్టిదే అమ్మాయ్ అన్నాడు. మడతపడ్డది సరిగ్గా అక్కడేనట. ఎలాగూ బ్లేడు పెట్టాల్సి వచ్చింది గదా అని, ఎవరో పిల్లను అదిలిస్తున్న ఆ గోల కూడా తీసేశాడట. జానెడు ముక్క. పాట ఇప్పుడు కడిగిన ముత్యంలా ఉందన్నాడు.

“ఆ ముక్క ఎక్కడ?”

“చెత్తలో వేశాను. ఎప్పుడో పోయి ఉంటుంది.”

“కాపీ తీసింది కోశాకా, కోయకముందా?”

“కోశాకే. గోలతో కాపీ దేనికమ్మాయ్?”

అరికాలి మంట నెత్తికెక్కింది టైలరమ్మకు. ఎవరిని అడిగి కోశావని నిలదీసింది. నీకిచ్చింది టేపు బాగుచెయ్యమని, మా అక్కను బాగుచెయ్యమని కాదంది. నీ నియమాలు నీ ఇంట్లో పెట్టుకో, చచ్చిపోయిన మనిషి నోరు కూడా మూయించాలా నీకు అని కడిగేసింది. డాక్టరు సర్దిచెప్పబోతే, మీరు పళ్ళ సంగతి చూసుకోండి చాలని ఆయన్నీ కూర్చోబెట్టింది.

“అక్క అన్న మాట చెప్తాను. ఇకమీద ఈ పాట ఎప్పుడు పెట్టినా అక్కడ ఆపి, నువ్వే అనాలి. ఇప్పుడు మొదలెట్టు.”

ఆ మాట చెప్పి, పాట మళ్ళీ పెట్టి, రెండో చరణం దగ్గర ఠక్కున ఆపింది. బాబాయ్ గొంతు సవరించుకుని, ఒసేయ్ బుడంకాయ్ అంటూ నోటీసు చదివినట్టు చదివాడు. ఇంకో రోజైతే డ్రైవరు పడీపడీ నవ్వేవాడు.

“అలా కాదు. తిడుతున్నట్టు ఉండకూడదు. మళ్ళీ అను.”

ఆయన మళ్ళీ అన్నాడు. అలా కాదంది. ఇంకోసారి అనిపించి, అదీ కాదంది. ఆపాటి మాట అనడం రాదా, ఎలా అంటుందో నేను చూపిస్తాను విను అని తనే నోరు తెరిచింది.

వచ్చింది రోజూ జాకెట్ల కొలతల దగ్గర వాదించే గొంతు. కొంచెం తగ్గించి అంది. అదీ కాదు. నవ్వు ఎక్కడ మొదలయ్యేది? మాటలోనా, మాట అయ్యాకా? నిన్నటిదాకా గుర్తున్నట్టే ఉంది. ఎప్పటికైనా క్యాసెట్టు బాగుచేయించి వినొచ్చన్న ధీమాతో ఇన్నేళ్ళూ సరిగ్గా గుర్తుపెట్టుకోనేలేదు.

టైలరమ్మ వెళ్ళి బాబాయ్ ఎదురుగా నిలబడింది.

“నాకూ రావట్లేదు. కోసేముందు నువ్వు విన్నావుగా. దాన్ని ఆఖర్న విన్నది నువ్వే. చెప్పు బాబాయ్, ఎలా అంది?”



“ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చూశానమ్మా. ఏమందో వినలేదు.”

టైలరమ్మ క్యాసెట్టు తీసి కొంగున ముడేసుకుంది. షట్టరు పూర్తిగా పైకి లేపి, ముగ్గుర్నీ బయటికి నడవమంది.