అన్నయ్య తెచ్చిన సున్నం

ఆ రోజు ఇంట్లో ఉన్నది మామ్మ, అమ్మ, ఓడ దిగి వచ్చిన సూరిబాబు అన్నయ్య, అమలాపురం నుంచి భోజనానికి వచ్చిన ప్లీడరు గంగాధరరావు మావయ్యగారు, నేను. నాన్న కొబ్బరి దింపు దగ్గర ఉన్నారు.

అన్నయ్య కలకత్తా ఓడలో కళాసీ. ఈ పంతొమ్మిదివందల యాభైనాలుగు మార్చిలో, జపాను అవతలి నడిసముద్రంలో వాళ్ల ఓడ మీద తెల్లటి పొడి రాలిందట. తడిపితే అచ్చం సున్నమేనని కళాసీలు నవ్వుకున్నారట. మన గుల్లసున్నం కన్నా మెత్తగా ఉందని, మామ్మ తాంబూలానికి పనికొస్తుందని అన్నయ్య ఒక డబ్బాకెత్తి తెచ్చాడు. అప్పటి నుంచి మామ్మ ఆకుకు అదే రాసుకుంటోంది.

ఇప్పుడు అన్నయ్య తల దువ్వుకుంటే జుట్టు కుచ్చులుగా ఊడుతోంది. మామ్మ చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది.

నిన్న బడిలో మాస్టారు పేపరు చదివి వినిపించారు. అమెరికావాళ్లు పగడపు దిబ్బ మీద హైడ్రోజన్ బాంబు పేల్చారట. ఆ దిబ్బే పొడిగా లేచి, విషమై, జపాను జాలర్ల మీద రాలిందట. వాళ్లకూ జుట్టు ఊడుతోందట.

మగవాళ్ల ముందు నోరు విప్పని నేను వంటింటి గుమ్మంలో నిలబడి అదంతా చెప్పేశాను.

"దావా వెయ్యండి మావయ్యగారూ."

ఆయన మజ్జిగ గ్లాసు దించారు. "ఎవరి మీదమ్మా? ఏ కోర్టులో? ఒడ్డుకి మూడు మైళ్లు దాటేక సముద్రం ఎవరిదీ కాదు. బాంబు పేల్చకూడదని చట్టమే లేదాయె. ఆ బాంబు పేల్చిన దీవులవాళ్లే ఐక్యరాజ్య సమితికి అర్జీ పెట్టుకున్నారు. వాళ్లకే దిక్కు లేదు, మీ మామ్మ చిగుళ్లు ఎవరిక్కావాలి?"

"పోనీ డాక్టరుగారికైనా చూపిద్దామండీ. డబ్బా పట్టుకెళ్దాం."

"నోర్ముయ్! రోగమని తెలిస్తే నన్ను మళ్లీ ఓడెక్కనిస్తారా?" అన్నాడు అన్నయ్య. "దీన్ని బడి మాన్పించెయ్యవే అమ్మా."

మామ్మ నవ్వింది. పళ్ల సందుల్లో ఎరుపు, వక్కదో రక్తానిదో. "వెర్రిమొహమా, సున్నం ఎక్కువైతే నోరు పొక్కదూ? తగ్గించి రాసుకుంటాలే. మనవడు అంత దూరాన్నించి మోసుకొచ్చేడు, పారబొయ్యమంటావా?"

అంటూనే ఆ పొడి నింపుకున్న సున్నపుకాయ మూత తీసింది. నేను పరుగెత్తి లాక్కున్నాను. అన్నయ్య నా చెయ్యి మెలిపెట్టి, దాన్ని తీసి మామ్మ ఒళ్లో పెట్టాడు. నన్ను వీధి అరుగు మీదికి నెట్టాడు.

"మామ్మా, తినకే! నీ కాళ్లు పట్టుకుంటానే!"

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. నన్ను లోపలికి రమ్మంటుందనుకున్నాను.

"గట్టిగా అరవకే తల్లీ, ఊరు వింటుంది" అని తలుపు వేసేసింది.